బూరెమ్మకు చూపిన ఖాళీ చెయ్యి

అనగనగా ఒక రాజు. ఆయన పేరు వీరకేతుడు, ఏలే ఊరు కొలనుపురం. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే రాజు సింహాసనం మీద నుంచి లేవడు, కథ ముందుకి కదలదు. ఆఁ, అలా!

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి తిప్పితే చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేవి. రెండోవాడు గజకేతుడు, ఏనుగు తొండం పట్టుకుని వెనక్కి లాగేవాడు. మూడోవాడు మణిశేఖరుడు. వాడేం చేసేవాడో తెలుసా? పిల్లికి ఆటలు నేర్పేవాడు!

ఆ పిల్లి పేరు బూరెమ్మ. బూరెలా గుండ్రంగా, బంగారు రంగులో ఉంటుందని వంటింటివాళ్ళు పెట్టిన పేరది. పిల్లికి ఆట నేర్పడమంటే కుక్కకి నేర్పినట్టు కాదర్రా. కుక్కని రమ్మంటే తోకాడించుకుంటూ వస్తుంది. పిల్లిని రమ్మంటే "నాతో నీకేం పని?" అన్నట్టు ఓ చూపు చూసి, ఒళ్ళు నాక్కుంటూ కూర్చుంటుంది. కొట్టారా, గోడ దూకిపోతుంది. మణిశేఖరుడు దానికి ఆకలేసే వేళ చూసుకుని, గుప్పిట్లో ఎండుచేప ముక్క పెట్టుకుని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. చెప్పింది చేసిన మరుక్షణం నాలుకతో "టక్" మనేవాడు, గుప్పిట తెరిచి ముక్క పెట్టేవాడు. దాని తోక విసుగ్గా నేలకేసి కొట్టుకోవడం మొదలైందంటే ఇంక ఆ పూటకి ఆట చాలు.

అలా మూడు ఆటలు నేర్పాడు. ఒకటి, "ఆగు" అంటే మీసం కూడా కదపకుండా బొమ్మలా నిలబడడం. రెండు, సందులోంచి దూరి లోపలి గొళ్ళెం లాగడం. మూడోదుంది చూశారూ, అది మహా కష్టం! కోడిగుడ్డు నోట కరుచుకుని, పంటి గాటు పడకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. ఎన్ని గుడ్లు పగిలాయో, వంటమనిషి ఎన్ని శాపనార్థాలు పెట్టిందో! చివరికి ఒకనాడు బూరెమ్మ గుడ్డుని గుడ్డులాగే తెచ్చి వాడి చేతిలో పెట్టింది. మణిశేఖరుడు రాజకుమారుణ్ణన్న సంగతి మరిచిపోయి అంతఃపురమంతా గంతులేశాడు.

ఒక్క నియమం మాత్రం వాడు ఎప్పుడూ తప్పలేదు. గుప్పిట మూసి చూపించాడంటే లోపల ముక్క ఉండి తీరాలి. లేనినాడు అరచెయ్యి బార్లా తెరిచి, "ఏమీ లేదే తల్లీ" అని చూపించేవాడు. బూరెమ్మ ఆ ఖాళీ చేతిని వాసన చూసి, ఒకసారి నాకి, వాడి పక్కనే ముడుచుకుని పడుకునేది. అన్నలిద్దరూ ఒకసారి ఖాళీ గుప్పిట ఆడించి దాన్ని అటక మీద నుంచి దూకించారు. గుప్పిట తెరిచి పకపకా నవ్వారు. అంతే! ఆ తరవాత వాళ్ళు గుప్పిట పట్టుకుని ఎంత బతిమాలినా అది వాళ్ళ వంక తిరిగి చూస్తే ఒట్టు.

రాజుగారికి ఇదంతా తల కొట్టేసినట్టుండేది. "ఒరే చిన్నోడా, పిల్లిని ఆడించేవాడికి రాజ్యం దేనికిరా? పో, వంటింట్లోనే ఉండు!" అని ఒకరోజు నిండు సభలో గదిమాడు. మణిశేఖరుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బూరెమ్మని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ రోజే ఊడిపడ్డాడు కంకాళుడనే మాంత్రికుడు. గడ్డం మోకాళ్ళ దాకా, కళ్ళు చింతనిప్పులు. కోట ముంగిట్లో నిలబడి, "రాజా, నీ కిరీటం నాకియ్యి!" అన్నాడు. "ఇవ్వను, పోరా!" అన్నాడు రాజు ముంగిట్లోకొచ్చి. "అయితే చూడు!" అని వాడు బూడిద చల్లాడు. రాజుగారు నిలుచున్నచోటే నిలువునా రాయైపోయారు!

"తొలకరి వాన పడిందా, ఈ రాయి మన్నులా కరిగిపోతుంది. ఈలోగా కిరీటం నా దీవికి తెచ్చిస్తే రాజు, లేకపోతే బురద!" అని ఎగిరిపోయాడు కంకాళుడు.

లోపలికి జరిపెయ్యొచ్చు కదా అంటారేమో. ఏనుగులు లాగినా ఆ రాయి ఇసుమంత కదల్లేదు. పందిరి వేస్తే పందిరి కూలింది. గొడుగు పడితే గొడుగు ఎగిరిపోయింది. అన్నలిద్దరూ కత్తులు దూసి మాంత్రికుడి దీవికి బయల్దేరారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే, తిరిగి రాలేదు. ఇక్కడ చూస్తే పడమట మబ్బులు మొదలయ్యాయి.

మణిశేఖరుడు తండ్రి రాతి పాదాల మీద తల పెట్టాడు. ఆయన తనతో ఆఖరున అన్న మాట తిట్టే. అయినా సరే, ఆ గొంతు మళ్ళీ వినకపోతే తను బతకలేననిపించింది. "నాన్నగారూ, మళ్ళీ తిడుదురుగాని, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు. సంచినిండా ఎండుచేప ముక్కలు పోసుకున్నాడు, బూరెమ్మని భుజానికెక్కించుకున్నాడు, బయల్దేరాడు.

సముద్రం ఒడ్డుకొచ్చాడు. దాటాల్సినవి ఏడు సముద్రాలు! అక్కడ పందిరంత తాబేలు ఒకటి ఎండలో కూర్చుని ఉంది.

"తాతా, మాంత్రికుడి దీవికి దించుతావా?"

"దించుతా గానీ మనవడా, ఆ సంచిలోంచి కమ్మటి వాసనేదో వస్తోందే!" అంది తాబేలు లొట్టలేస్తూ.

సముద్రం దాటినప్పుడల్లా తాబేలు మెడ వెనక్కి తిప్పేది, మణిశేఖరుడు దోసెడు ముక్కలు పెట్టేవాడు. అలా ఏడు సముద్రాలూ దాటేసరికి సంచిలో రెండంటే రెండు ముక్కలు మిగిలాయి. బూరెమ్మ తాబేలుని చూసిన చూపు మీరు చూడాలి!

దీవిలో దిగారు. కోట మొదటి గుమ్మం దగ్గర అన్నలిద్దరూ కంకాళుడి బూడిద పడి, కత్తెత్తినవాళ్ళు ఎత్తినట్టే రాళ్ళై నిలబడి ఉన్నారు. గుమ్మానికి చుట్టుకుని ఒక కొండచిలువ! అది కళ్ళు తెరిచినప్పుడు ఏది కదిలితే దాన్ని మింగేస్తుంది. కళ్ళు మూసినప్పుడే అడుగెయ్యాలి. "బూరెమ్మా, ఆగు!" అన్నాడు మణిశేఖరుడు. పాము కన్ను తెరిచింది. ఇద్దరూ బొమ్మలే! పాము రెప్ప వేసింది, రెండడుగులు. మళ్ళీ తెరిచింది, మళ్ళీ బొమ్మలు. ఒక ఈగ వచ్చి బూరెమ్మ ముక్కు మీద వాలింది. అయినా కదిలిందా? ఊహూఁ! గుమ్మం దాటగానే టక్! ఒక ముక్క అయిపోయింది.

రెండో గుమ్మానికి బయట తాళం లేదు, గొళ్ళెం లోపల ఉంది. పైన చేతి వెడల్పు సందు. బూరెమ్మ పాకింది, దూరింది, లోపల లాగింది. ధడేల్ మని తలుపు తెరుచుకుంది! టక్! రెండో ముక్కా అయిపోయింది. సంచి దులిపితే పొట్టు కూడా రాల్లేదు.

లోపల కాళ్ళకి గొలుసులతో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమారి మందారవతి. పిల్లిని చూసి ఆశ్చర్యపోయింది. "మీరు కత్తి తేలేదా?" అంది.

"పిల్లిని తెచ్చాను" అన్నాడు మణిశేఖరుడు.

ఆ మాటకి, ఎన్నాళ్ళకో, ఆమెకి నవ్వొచ్చింది. నవ్వాపుకుని లోపలి బావి చూపించింది. బావి మీద సన్నటి దూలం, దూలం చివర తలుపు లేని పంజరం, అందులో మంత్రం వల్ల బయటికి ఎగరలేని పచ్చటి చిలక. "కంకాళుడి ప్రాణం ఆ చిలకలో ఉంది. మనిషి కాలు పెడితే ఆ దూలం విరుగుతుంది. చిలక ఎవరి చేతిలో ఉంటే వాడు చెప్పినట్టు మాంత్రికుడు వినాల్సిందే. కానీ జాగ్రత్త! చిలక చచ్చిందంటే మాంత్రికుడు పోతాడు, రాళ్ళైనవాళ్ళు మాత్రం ఎప్పటికీ రాళ్ళే!"

మణిశేఖరుడు పిల్లి వంక చూశాడు, చిలక వంక చూశాడు. ఆకలిగా ఉన్న పిల్లి నోటికి చిలకని అప్పగించాలి! చేపముక్కా లేదు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి బార్లా తెరిచాడు. "ఏమీ లేదే తల్లీ. నాన్నగారి కోసం ఈ ఒక్కటీ చేసిపెడతావా?"

బూరెమ్మ ఆ చెయ్యి వాసన చూసింది. ఒకసారి నాకింది. దూలం మీదికెక్కింది!

చిలక పంజరంలో గోల పెట్టింది. "అమ్మో పిల్లి! అమ్మో పిల్లి!" బూరెమ్మ మెత్తగా, గుడ్డుని పట్టినట్టు, దాన్ని నోట కరుచుకుంది. "రెక్క, రెక్క! మెల్లిగా పట్టుకోవే తల్లీ!" అంది చిలక. అంతే, సుడిగాలి లేచింది. కోట గోడలు దడదడలాడాయి. గుండె పట్టుకుని కంకాళుడు వచ్చి పడ్డాడు! ప్రాణం పిల్లి నోట్లో ఉంటే మంత్రాలెక్కడ గుర్తొస్తాయి? ఒక్క వేషం మాత్రం మార్చగలిగాడు. మందారవతి కెవ్వుమంది. బావి దగ్గర ఇద్దరు మణిశేఖరులు! అదే మొహం, అదే తలపాగా, అదే గొంతు.

బూరెమ్మ దూలం మధ్యలో ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. దాని గొంతులో గుటక పడింది. చిలక కళ్ళు తేలేసింది.

"బూరెమ్మా, ఇటు రా! ఇదిగో చేపముక్క!" అన్నాడు ఒకడు, గుప్పిట బిగించి ఆడిస్తూ.

మణిశేఖరుడు తన చేతి వంక చూసుకున్నాడు. తనూ గుప్పిట మూస్తే? ఉందని ఒక్క అబద్ధం ఆడితే? తండ్రి, అన్నలు, అందరి ప్రాణాలూ దూలం మీద ఉన్నాయి. వేళ్ళు ముడుచుకోబోయాయి కూడా. కానీ బూరెమ్మ కళ్ళు చూశాక చెయ్యి వాడి మాట వినలేదు. అరచెయ్యి మళ్ళీ బార్లా తెరుచుకుంది. "ఏమీ లేదే తల్లీ" అన్నాడు, ఏడుపు గొంతుతో.

బూరెమ్మ గుప్పిట వంక చూడను కూడా చూడలేదు. సరాసరి నడిచొచ్చి, ఆ ఖాళీ చేతిలో చిలకని పెట్టింది. ఒక్క ఈకైనా ఊడలేదు!

"మా నాన్నని లేపు! మా అన్నల్ని లేపు! ఈమె గొలుసులు విప్పు!" అని అరిచాడు మణిశేఖరుడు. కంకాళుడి వేషం ఊడిపోయింది, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. గొలుసులు తెగాయి, కొండచిలువ గుమ్మం వదిలి పారిపోయింది. గుమ్మం దగ్గర అన్నలు "ఎక్కడ వాడు?" అంటూ కత్తులు ఝళిపించారు. అక్కడ, ఏడు సముద్రాల అవతల, తొలకరి మొదటి చినుకు రాజుగారి ముక్కు మీద పడింది. "హాఛ్!" మని ఆయన తుమ్మాడు.

మాంత్రికుణ్ణేం చేశాడంటారా? ఏమీ చెయ్యలేదు. చిలకని ఆకాశంలోకి వదిలేశాడు. కంకాళుడు లబోదిబోమంటూ దాని వెనకాల పరుగు! ఇప్పటికీ అది ఏ చెట్టు మీద వాలితే ఆ చెట్టు కింద నిలబడి గద్దల్ని తోలుకుంటున్నాడట. ఇంక మంత్రాలకి తీరికెక్కడిది?

తాబేలు తాత వీపు మీద అందరూ ఇల్లు చేరారు. రాజుగారు వానలో తడుస్తూనే పరుగెత్తుకొచ్చి, "ఎక్కడికి పోయావురా చిన్నోడా!" అని తిట్టబోయి, తిట్టలేక, కొడుకుని గట్టిగా వాటేసుకుని ఏడ్చేశాడు. తరవాత ఏనుగుని లాగే గజకేతుడు, కత్తి తిప్పే రణధీరుడు అరచేతులు తెరుచుకుని బూరెమ్మ ముందు కూర్చున్నారు. అది చాలాసేపు ఆలోచించి, పోనీలే పాపమని ఒక్కొక్కసారి నాకింది.

మందారవతికీ మణిశేఖరుడికీ పెళ్ళి కుదిరింది. భేరీలు మోగుతున్నాయి, ముత్యాల తలంబ్రాలు దోసిట్లోకి వచ్చాయి. ఇంతలో పెళ్ళికొడుకు, "ఒక్క క్షణం ఆగండి!" అని పీటల మీద నుంచి లేచాడు. పురోహితుడు నోరు తెరిచాడు. వాడు తిన్నగా వంటింటికెళ్ళి, గుప్పిట మూసుకుని తిరిగొచ్చి, మంటపం మెట్టు మీద కూర్చున్న బూరెమ్మ ముందు వంగాడు. టక్! గుప్పిట తెరిచాడు. బావి మీద చేసిన ఆటకి ముక్క అప్పటికి అందింది. బూరెమ్మకి పక్కన చోటిస్తూ కాస్త వెనక్కి జరిగి కూర్చుంది మందారవతి.

ఆ తరవాత అన్నలిద్దరూ సరేననగా, తండ్రి ఇచ్చిన కిరీటం పెట్టుకుని మణిశేఖరుడు రాజై చాలాకాలం ఏలాడు. పంటలు పండిన ఏడాది జనానికి గుప్పిట నిండా పెట్టాడు. ఎండిన ఏడాది జనం ముందుకి తనే వచ్చి ఖాళీ చెయ్యి తెరిచి చూపించాడు. అప్పుడు కూడా జనం వాడి పక్కనే ఉన్నారు. కథ చెప్పడం అయింది, మీ ఊఁ కూడా సన్నబడింది. పడుకోండర్రా, బూరెమ్మ ఎప్పుడో పడుకుంది.