బయటి గడియ

రేగుపాలెం జమీందారు చెంగల్రాయ భూపతికి దొంగల భయం పట్టుకుంది. ఇంటి కాపలాకని మూడు తుపాకులు తెప్పించాడు. పొడుగుది గదిలో తిప్పడానికి వీలుకాదన్నాడు దివాను. పొట్టిది గురి తప్పుతుందన్నాడు బావమరిది. జోడు గొట్టాలది భుజం విరగ్గొడుతుందన్నాడు వైద్యుడు. అందరి మాటా నిజమే అనిపించి, పాపం, దొరగారి బుర్ర తిరిగిపోయింది.

చివరికి తుపాకులు బాగుచేసే కమ్మరి పాపాచారిని పిలిపించాడు. "సరైనది ఎంచి పడకగదిలో అమర్చు. తప్పావో, నీ కొలిమి ఊళ్లో ఉండదు."

"నేను దొంగనవుతాను దొరా. మీరు లోపలుండి నన్ను ఆపండి. ఏది పనికొస్తుందో తేలిపోతుంది. తుపాకుల్లో మందు మాత్రం కూరకండి."

ఆ రాత్రి భూపతి మూడింటితో పడకగదిలోకి వెళ్లాడు. దొర తన చేత్తో గడియ వేసుకోవడం ఆ ఇంట్లో నామోషీ; ఆ గదికి లోపల గడియే లేదు. అంచేత నౌకరు రోజూలాగే బయట గడియ పెట్టి, వెళ్లి పడుకున్నాడు.

కాసేపటికి సావడిలో వెండి పళ్లేలు గలగలమన్నాయి. దొర పొడుగుది ఎత్తాడు, దించాడు, పొట్టిది ఎత్తాడు. తీరా చూస్తే తలుపు రాదు.

"ఒరే పాపాచారీ, తలుపు తియ్యరా."

"భలేవారే దొరా, నేను దొంగను కదా. మిమ్మల్ని బయటికి వదులుతానా?"

మూడు తుపాకుల మధ్య దొర అయోమయంగా నిలబడ్డాడు. "మరి వీటిలో ఏది మంచిదిరా?"

"ముందు లోపల గడియ బిగిస్తాను. తుపాకి తర్వాత మీ ఇష్టం."

"రోజూ దాన్ని వేసేదెవరు?"

"మీరే. తుపాకి ఎత్తే చేతికి గడియ బరువా దొరా?"

ఆ గడియ పాపాచారి కొలిమిలోనే తయారైంది.