ఊరి పాటలన్నీ డెక్లన్‌వే

ముందే చెబుతున్నాను, నేను పాడితే మా వీధిలో నిద్రపోయిన పిల్లలు లేచి కూర్చుంటారు. అందుకని పాట జోలికి పోకుండా పాటగాడి కథ చెబుతాను. ఐర్లండ్ నేను చూడలేదు. అక్కడ వానలెక్కువని విన్నాను. ఈ కథకి అది చాలు.

సముద్రానికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఐర్లండ్ దీవికి పడమటి కొసన ఒక ఊరుండేది. ఆ ఊరికి రోజుకి మూడు వానలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఆ రెంటికీ మధ్య ఒకటి. అన్నీ గడ్డి కప్పుల ఇళ్లే. ఆ కప్పులు వేసేవాడి పేరు డెక్లన్. కింద నిచ్చెన పట్టుకునేది అతని పెళ్లాం ఊనా.

డెక్లన్ నేల మీద మూగవాడి కింద లెక్క. కప్పెక్కితే మాత్రం పాట వచ్చేది. ఎవరింటి మీద కూర్చుంటే ఆ ఇంటి కష్టమే పాట. పడవ మునిగి పోయిన అన్నదమ్ముల మీద ఒకటి, తప్పిపోయిన ఆవు మీద ఒకటి, కుదరని పెళ్లి మీద ఒకటి. జనం వైపు వీపు, గడ్డి వైపు మొహం పెట్టి పాడేవాడు. కింద గిన్నెలు కడిగేవాళ్లు, పాత పాటేదో కూనిరాగం తీస్తున్నాడనుకునేవాళ్లు. కప్పు పూర్తయ్యేసరికి పాట పక్క ఊరు చేరిపోయేది.

డెక్లన్‌కి ఒకటే కోరిక. తను చచ్చేలోగా ఒక్క పాటని, ఒక్క మనిషి, "ఇది డెక్లన్ కట్టింది" అనాలి.

ఒకరోజు సంతలో ఫిడేలు వాయించే కోర్మక్ అన్నదమ్ముల పాట పాడుతున్నాడు. డెక్లన్ టోపీ చేత్తో పట్టుకుని దగ్గరికెళ్లాడు.

"అయ్యా, ఆ పాట నేను కట్టాను."

"ఇది మా తాత పాడేవాడు బాబూ."

"మీ తాత పోయి ఎన్నాళ్లయింది?"

"ముప్పై ఏళ్లు."

"నేను కట్టింది మొన్న బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో."

సంతంతా నవ్వింది. కోర్మక్ కూడా నవ్వి, "అయితే మా తాత నీ దగ్గరే నేర్చుకుని ఉంటాడులే" అన్నాడు.

ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంటే ఊనా అంది, "ఏమయ్యా, పాటలో నీ పేరు పెట్టుకోరాదూ?"

పెట్టాడు. కుదరని పెళ్లి పాటలో, చివరి చరణంలో, డెక్లన్ అని పెట్టాడు. పాట ఊళ్లు తిరిగింది. మూడు నెలల తరవాత ఒక పెళ్లిలో పెగ్ మామ్మ అదే పాట పాడింది. చివర్లో డోనల్ అంది.

"మామ్మగారూ, అక్కడ డెక్లన్ అనాలి."

"డోనల్ మా మేనమామ నాయనా. మా అమ్మమ్మ నాటి పాట ఇది. తెలియకపోతే వినాలి గానీ తప్పులు పాడకూడదు."

డెక్లన్ తన పాటని బుద్ధిగా దిద్దుకుని వచ్చాడు.

మూడోసారి చర్చి ఫాదర్ దగ్గరికెళ్లాడు. ఆయన ఊరి పాటలన్నీ పుస్తకంలో రాస్తున్నాడు. ఆవు పాట కింద, "ఎవరు కట్టారో తెలియదు, చాలా పాతది" అని ఉంది.

"ఫాదర్, అది నాది."

ఫాదర్ కళ్లద్దాలు తీసి జాలిగా చూశాడు. "నాయనా, ఇంత మంచి పాట బతికున్నవాడు కట్టలేడు."

డెక్లన్ ఊళ్లో ఇంకెవర్నీ అడగలేదు.

"నువ్వయినా నమ్ముతావుటే?" అన్నాడు ఊనాతో.

"నిచ్చెన పట్టుకున్నదాన్ని. అన్నీ ముందు విన్నది నేనే. పెళ్లాం మాట ఎవరు వింటారు గానీ, దుంపలు చల్లారిపోతున్నాయి, తిను."

ఆ చలికాలం డెక్లన్‌కి దగ్గు పట్టుకుంది. మూడు రోజులు దగ్గాడు. నాలుగో రోజు పోయాడు.

ఆ దేశంలో పోయినవాడి దగ్గర కూర్చుని పాటలు పాడటం ఆచారం. ఊరంతా వచ్చింది. కప్పు వేసే మంచి మనిషి, పాపం, మంచి పాటలే పాడాలి అనుకున్నారు. కోర్మక్ అన్నదమ్ముల పాట పాడాడు. కళ్లు తుడుచుకుంటూ ఊనా అడిగింది, "ఎవరిదీ పాట?"

"మా తాతదమ్మా."

పెగ్ మామ్మ పెళ్లి పాట పాడింది.

"ఎవరిదీ పాట?"

"మా అమ్మమ్మ నాటిది తల్లీ."

ఫాదర్ ఆవు పాట చదివాడు.

"ఎవరిదీ పాట?"

"ఎవరిదో, చాలా పాతది."

ఊనా కళ్లు తుడుచుకోవడం మానేసింది. "నేనూ ఒకటి పాడతాను. దీనికి చివరి పాదం లేదు. మీ తాతలకి అన్ని పాటలూ వచ్చు కదా, మీలో ఎవరైనా అందుకోండి" అని పాడింది.

అందరిళ్లకు కప్పు అల్లి వచ్చితి నేను
వాన మబ్బే వచ్చె, మనిల్లు కారెను
నిచ్చెన పట్టిన చిన్నదానా...

అక్కడ ఆపేసింది.

గదిలో ఎవరూ అందుకోలేదు. నడిమి వాన మొదలై, కప్పు లోంచి ఒక బొట్టు నేల మీద పడింది. కోర్మక్ తాత అందుకోలేదు. పెగ్ మామ్మ అమ్మమ్మ అందుకోలేదు. ఫాదర్ పుస్తకం తిరగేశాడు. అందులో లేదు.

కోర్మక్ ఫిడేలు కింద పెట్టాడు. "మా తాతకి ఈ పాట రాదమ్మా" అన్నాడు. టోపీ తీసి, "ఆ అన్నదమ్ముల పాట కూడా వచ్చేది కాదేమో" అన్నాడు.

"మా ఇంటి కప్పు వేసిన వారమే నాకు ఆ పెళ్లి పాట వచ్చింది" అంది పెగ్ మామ్మ, మెల్లిగా.

ఫాదర్ కలం అడిగి పుచ్చుకుని, "తెలియదు" అన్నచోట కొట్టేసి డెక్లన్ అని రాశాడు.

అప్పట్నించి ఆ ఊళ్లో ఎవరు నోరు విప్పినా, కట్టినవాడి పేరు చెప్పందే పాట మొదలుపెట్టరు. పేరు తెలియకపోతే తప్పు జరుగుతుందని భయం. అందుకని డెక్లన్ అంటారు. అతని తాత పుట్టకముందటి పాటలూ డెక్లన్‌వే, నిన్నటి పాటలూ డెక్లన్‌వే. మొన్నామధ్య ఒకడు తన మేక మీద పాట కట్టి, తన పేరే చెప్పి మొదలుపెట్టి, సగం పాడేసరికి ఆ పాటకి తనకే సిగ్గేసి, "ఇది డెక్లన్‌ది" అనేశాడట.

విన్నవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారట. డెక్లన్‌ని మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు.

"కప్పు మీద గాలి ఎక్కువగా ఉండి ఉంటుంది ఆ రోజు, పాపం" అన్నారట.