బతికున్న పాము ముందు విజయనృత్యం

అనగనగా ఒక రాజ్యం. ఏ పటంలో వెతికినా కనిపించదు. అది ఒక సర్వరులో ఉండేది.

అడవిలోని జంతువులన్నీ ఎవరి బొరియలో అవి కూర్చుని, ఫోన్లు తెరిచి ఆ రాజ్యంలోకి వెళ్లేవి. అక్కడ కవచాలు తొడిగేవి, కత్తులు పట్టేవి, కలిసికట్టుగా రాక్షసుల మీదికి దూకేవి. ఆ ఆటకు రాజు ఐరావణుడనే ఏనుగు. ఎవరు గెలిచారో చాటేది మందరుడనే ముసలి తాబేలు.

ఆ రాజ్యంలో ఒక మర్యాద ఉంది. ఆడవచ్చినవాడు అతిథి. అతిథి మాటను శంకించకూడదు. అందుకని పోరు ముగిశాక, "దెబ్బ ఎంత పడింది?" అని తాబేలు ఆటగాడి ఫోన్‌నే అడిగేది. ఫోన్ చెప్పిందే చాటేది.

ఒకనాడు రాజు సేనాపతి పదవికి మూడు పోటీలు ప్రకటించాడు. రాజ్యం హోరెత్తిపోయింది! అందరి కళ్లూ సుకేశి మీదే. సుకేశి ఒక ముంగిస. చెక్క కత్తితో మొదలుపెట్టి, ఓడి, లేచి, మళ్లీ ఓడి, చివరికి మహా యోధురాలైంది.

ఆమెకు పోటీగా గండకుడనే బావురుపిల్లి దిగాడు. వాడు ఆట నేర్చుకోలేదు. తన ఫోన్‌లోని ఆటను విప్పి, తనకు కావలసినట్టు మార్చుకున్నాడు.

మొదటి పోటీ నిప్పుల ఏరు. సుకేశి రాయి మీంచి రాయి మీదికి దూకుతూ సగం దాటేసరికి, గండకుడు అవతలి గట్టున ఆవలిస్తున్నాడు.

"ఎలా దాటావురా?" అంది తాబేలు.

"రెప్పపాటులో దాటాను తాతా!"

"ఫోనూ అదే అంటోంది. గెలుపు గండకుడిది!"

రెండో పోటీ రాతి రాక్షసుడు. గండకుడు కత్తి ఒరలోంచి తీయనే లేదు. రాక్షసుడు దబ్బున కూలాడు.

"ఒక్క వేటు తాతా! పది లక్షల దెబ్బ!"

ఫోనూ అదే అంది.

"ఇది తొండి!" అని అరిచింది సుకేశి. "నేను పక్కనే ఉన్నాను మహారాజా. వీడు కత్తి దూయలేదు!"

గండకుడు మీసం దువ్వాడు. "ఓడినవాళ్లందరిదీ ఇదే ఏడుపు అక్కా."

రాజుకు కోపం వచ్చింది. "అతిథిని దొంగ అన్నావు. నిరూపించు. లేదంటే నీ యోధురాలి పాత్రను ఈ ఆటలోంచి చెరిపేస్తాను. ఇక చెక్క కత్తి కూడా దొరకదు."

అయినా సుకేశి తగ్గలేదు.

"అలాగే మహారాజా. మూడో పోటీలో తాత ఫలితం అడగకూడదు. ఎవరు ఎటు కదిలారు, కత్తి ఎప్పుడు విసిరారు, అంతే అడగాలి. దెబ్బ ఎంతో ఫోన్‌లో కాదు, ఇక్కడ రాజ్యంలోనే లెక్కకట్టాలి. వాడికీ, నాకూ."

తాబేలు మెడ చాచింది. "లెక్క నాకు రాక కాదు ప్రభూ. మర్యాద కాదని మీరే కట్టనివ్వలేదు."

"ఎవరు కడితే నాకేం!" అన్నాడు గండకుడు. రాజు సరేనని తొండం ఊపాడు.

గంట మోగింది! మూడు పడగల పాము బుసకొడుతూ లేచింది. గండకుడు కత్తిని ఒక్కసారి ఆడించాడు. వాడి ఫోన్‌లో కోటి దెబ్బ పడింది. ఆ తెర మీద పాము చచ్చిపోయింది. వాడు కత్తి పారేసి, నడుం తిప్పుతూ విజయనృత్యం మొదలుపెట్టాడు.

రాజ్యంలో మాత్రం, తాబేలు లెక్క ప్రకారం, పాముకు ఒక్క పొలుసు ఊడింది. అంతే.

"ఒరేయ్, వెనక్కి చూడరా!" అని జనం కేకలు పెట్టారు.

"చప్పట్లు ఏవీ?" అంటూ వాడు ఇంకాస్త ఎగిరాడు.

నడి పడగ వంగింది. గుటుక్కుమంది. నృత్యం ఆగింది.

ఇక సుకేశి దూకింది! ఒక పడగ తెగింది. డాలు పగిలింది. రెండోది తెగింది. ఆమె ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. మూడోది కాటుకు దిగుతుండగా పక్కకు జారి, మెడ మీద ఒకే వేటు వేసింది. పాము నేలకొరిగింది! అడవి దద్దరిల్లేలా జయజయధ్వానాలు!

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "తప్పు నాదమ్మా. వాడు దొంగే. కానీ మర్యాద పేరుతో తలుపు తెరిచిపెట్టింది నేను."

గండకుడి గెలుపులు రద్దయ్యాయి. వాడికి రాజ్యప్రవేశం నిషేధించారు. సేనాపతి సుకేశి తొలి ఆజ్ఞ ఇది: "ఇకమీదట ప్రతి దెబ్బా ఇక్కడే లెక్కకట్టాలి. ముందు నాది."

నీతి: ఆడేవాడి చేతికే తీర్పు అప్పగిస్తే ఆట దొంగల పాలవుతుంది, నిజంగా ఆడేవాడు తనిఖీకి జంకడు.