బాగున్న బొటనవేలు

ఎముక కట్టేటప్పుడు బాలగురవయ్యగారు మాట్లాడరు. కట్టు ముగించి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాకే ఎవరేమడిగినా జవాబిస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నరహరికి ఆ అలవాటు తెలుసు. అందుకే మణికట్టు విరిగి వచ్చిన ఒక ఆడమనిషిని సాగనంపేదాకా ఆగి, అప్పుడు అడిగాడు.

"అయ్యా, ఆమెకు విరిగింది మణికట్టు దగ్గర ఎముక ఒక్కటే. బాగున్న బొటనవేలినీ మోచేతినీ కూడా కలిపి కట్టేశారు. నెలన్నర పాటు వాటికెందుకు ఆ శిక్ష?"

గురువుగారు తువాలుతో చేతులు తుడుచుకుని అరుగు మీద కూర్చున్నారు. తర్వాత కోటిలింగం సంగతి చెప్పారు.

కోటిలింగం డోలు, మస్తాన్ సన్నాయి. కుర్రతనం నుంచీ జోడీ. చుట్టుపక్కల ఏ పెళ్లికైనా ఇద్దరినీ కలిపే పిలిచేవారు. కోటిలింగానికి భార్య పోయింది, పిల్లలు లేరు. మస్తాన్ ఇంటి పక్కనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. పొద్దున్నే మస్తాన్ వచ్చి తలుపు తడితేనే అతనికి తెల్లవారినట్టు.

ఒక పెళ్లిలో కోటిలింగం పందిరి మెట్టు జారి, పడుతూ పడుతూ కుడి అరచెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు గరిటె వంగినట్టు వంగిపోయింది. మస్తానే బండి కట్టించి తీసుకొచ్చాడు. గురువుగారు చెయ్యి లాగి ఎముకను సరిచేశారు. కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టారు. కదిలించొద్దన్నారు. కోటిలింగం సరేనన్నాడు.

అది మాఘమాసం. మస్తాన్ కొన్నాళ్లు ఆగాడు. ఆ తర్వాత పక్క ఊరి నుంచి డోలు వాయించే ఇంకొకతన్ని పిలిపించుకున్నాడు. మొదట్లో రోజూ సాయంత్రం వచ్చి, ఏ ఊళ్లో ఏం వాయించారో చెప్పేవాడు. ముహూర్తాలు ఎక్కువయ్యాక ఆ రాకా తగ్గింది. అన్నం పళ్లెం మాత్రం మస్తాన్ భార్య పంపేది. కోటిలింగం ఎడమచేత్తో తిని, ఎడమచేత్తోనే పళ్లెం కడిగి గుమ్మంలో పెట్టేవాడు. రోజంతా అతని గదిలో మాట వినపడేది కాదు.

ఒక సాయంత్రం పెళ్లి ఊరేగింపు అతని వీధిలోంచే వెళ్లింది. కోటిలింగం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కొత్త డోలు బాగానే మోగుతోంది. మస్తాన్ అతన్ని చూశాడు. చూసి, కళ్లు మూసుకుని సన్నాయి ఊదుతూ ముందుకు సాగిపోయాడు.

మర్నాడు కోటిలింగం పళ్లతో ముడి లాగి కట్టు విప్పుకున్నాడు. డోలు భుజాన వేసుకుని, మస్తాన్ వెళ్లిన పెళ్లికి నడిచి వెళ్లాడు. కొత్తగా డోలు వాయిస్తున్నతను మర్యాదగా పక్కకు జరిగాడు. ఒక్క పాట వాయించేసరికి కోటిలింగం చెయ్యి కిందికి వేలాడిపోయింది. లోపల ఎముక ఇంకా పచ్చిగానే ఉంది మరి.

గురువుగారు మళ్లీ సరిచేస్తూ, ఆనాడు మాత్రం తన అలవాటు తప్పి అడిగారట.

"అంత తొందరేమొచ్చిందయ్యా వాయించడానికి?"

"వాయించడానికి కాదయ్యా," అన్నాడు కోటిలింగం. "వాడి పక్కన నిలబడదామని."

గుమ్మం బయట మస్తాన్ తలపాగా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. లోపలికి రాలేదు.

ఈసారి ఎముక అతుక్కుంది కాని, వంకరగా. అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు. మస్తాన్ అతన్ని వదల్లేదు. ఇప్పటికీ ప్రతి పెళ్లికీ వెంట తీసుకెళ్తాడు. ముందు సన్నాయి, కొత్త డోలు. వాళ్ల వెనక కూర్చుని కోటిలింగం శ్రుతిపెట్టె పట్టుకుంటాడు.

నరహరి అడిగాడు. "అయితే తప్పు మస్తాన్‌దేనంటారా?"

"తప్పని నేనన్నానా? అతనికీ ఇల్లు గడవాలి," అన్నారు గురువుగారు. తువాలు భుజాన వేసుకుని లేచారు.

"బాగున్న వేలు కదిలితే విరిగిన ఎముకా దానితో కదులుతుంది. ఏ దెబ్బా తగలని మనిషి కదలకుండా కూర్చోవడం చాలా కష్టం, నరహరీ."