బాగున్న కంటికి మందు

అనంతపురం పక్క ఎర్రదిన్నెపల్లిలో బీరలింగప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. లోకంలో అతనికి తెలియనిది ఒక్కటే, తనకు తెలియనివి కూడా ఉంటాయన్న సంగతి.

వాన ఎప్పుడొస్తుందని అడిగితే ఠక్కున చెప్పేవాడు. రాకపోతే, తప్పు వానదే అనేవాడు. పక్కింటావిడ మోకాలి నొప్పికీ, ఎదురింటివాళ్ల మోటారు మొరాయింపుకీ, కొత్త కోడలి అలకకీ అన్నిటికీ అతని దగ్గర మందుండేది. అడగకపోయినా ఇచ్చేవాడు. అతను ఎదురొస్తుంటే ఊళ్లోవాళ్లు దగ్గు కూడా ఆపుకునేవారు, ఎక్కడ వైద్యం మొదలుపెడతాడోనని. అతని భార్య కెంచమ్మ చాలా తక్కువ మాట్లాడేది. ఇంట్లో ఉన్న మాటలన్నీ మొగుడే వాడేసుకుంటుంటే ఆవిడ వాటాకు వచ్చేవి అన్నే మరి.

వాళ్లకో కుక్క ఉండేది. పేరు కొత్వాలు. బూడిద రంగు ఒళ్లు, ఒక పక్కకు వాలిన చెవి, దొడ్డి మొత్తానికి సరిపోయే గొంతు. ఊరి తూర్పున గుట్టల్లో తోడేళ్లు తిరిగేవి. పొద్దు వాలగానే కొత్వాలు మంద చుట్టూ ఓ చుట్టు తిరిగి, గుట్ట వైపు నిలబడి చూసేది. ఆ చూపుకే తోడేళ్లు వేరే దారి వెతుక్కునేవి. బీరలింగప్ప కూడా సంగటిలో మొదటి ముద్ద దానికి పెట్టాకే తాను తినేవాడు. కుక్క మీద అతనికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఈ కథలో చేదంతా అక్కడే ఉంది.

గడ్డి ఎండి గింజ రాలే రోజులవి. ఓ సాయంత్రం కొత్వాలు ఎడమ కన్ను సగం మూసుకుని ఇంటికొచ్చింది. కంటి నుంచి ధారగా నీళ్లు. మాటిమాటికీ ముందు కాలితో కన్ను రుద్దుకుంటోంది. తెల్లారి ఎండ పొడ పడగానే ముఖం తిప్పుకుని గాదె చాటుకు పోయి పడుకుంది. కెంచమ్మ దగ్గరకెళ్లి చూసింది. కంటి తెల్లగుడ్డు నిప్పులా ఎర్రబడింది. సంతకు పోయే ఆటోలో ఎక్కించి పశువుల ఆసుపత్రికి తీసుకుపోదామంది.

"గొర్రెల కంట్లో పువ్వు పడితే నేను పోయి ఏ డాక్టరమ్మను అడిగినాను?" అన్నాడు బీరలింగప్ప.

"ఇది గొర్రె కాదు కదయ్యా."

"కన్ను కన్నే. ఎవరి ముఖంలో ఉంటే ఏమి?"

ఆ పక్క కాపరులకు తాతల నాటి పద్ధతి ఒకటుంది. గొర్రె కంట్లో పువ్వు పడితే, అంటే తెల్లటి పొర వస్తే, పొగాకూ సున్నమూ కలిపి నమిలి, ఆ రసం కంట్లోకి ఉమ్మేవారు. కొన్నిటికి తగ్గేది. ఉమ్మకపోయినా వాటికి తగ్గేదేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. తగ్గనివి ఎలాగూ సంతకు పోయేవి, కాబట్టి అవి వచ్చి ఫిర్యాదు చేసే వీలూ లేదు. అలా ఆ వైద్యానికి మంచి పేరు నిలిచిపోయింది.

బీరలింగప్ప పొగాకూ సున్నమూ బాగా నమిలి, కొత్వాలును పిలిచాడు. సంగటి ముద్ద పెట్టబోతున్నాడనుకుంది కాబోలు, అది తోక ఊపుతూ వచ్చి అతని మోకాళ్ల మధ్య కూర్చుని ముఖం ఎత్తి ఇచ్చింది. అతను ఉమ్మాడు. కుక్క పెట్టిన కేకకు గూట్లో కోళ్లు లేచాయి. దుమ్ములో పొర్లి పొర్లి గోడకు ముఖం రాసుకుంది.

"మండితేనే మందు," అన్నాడు బీరలింగప్ప తృప్తిగా, మూతి తుడుచుకుంటూ.

మర్నాడూ అదే వైద్యం. ఆ మర్నాడూ అదే. కొత్వాలు పిలిస్తే వచ్చేది, మండుతుందని తెలిసీ వచ్చేది, ముఖం ఎత్తేది. కొన్నాళ్లకు ఆ కంటి మీద మజ్జిగ పోసినట్టు తెల్లటి పొర పరుచుకుంది.

ఇంకొకడైతే అక్కడ ఆగి బుర్ర గోక్కునేవాడు. బీరలింగప్పకు మాత్రం కొత్త ఆలోచన వచ్చింది. మందలో ఒక గొర్రె నీరసపడితే కాపరి ఆ ఒక్కదానికే కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోసి ఊరుకోడు. జబ్బు మిగతావాటికి పాకకముందే మందకంతా పోస్తాడు. ఈ లెక్కన ఎడమ కన్ను చెడితే కుడి కన్నును ముందే కాపాడుకోవాలి. చూడండి, ఎంత చక్కటి తర్కమో! కుక్క ముఖం గొర్రెల దొడ్డి కాదన్న ఒక్క చిన్న సంగతి తప్పితే అందులో లోపమే లేదు.

అతను మళ్లీ పొగాకు నమలడం చూసి కెంచమ్మ వచ్చి, కుక్క బాగున్న కంటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ కంటికి ఏమైంది?"

"ఏమీ కాలేదు. కాకూడదనే వేస్తున్నాను. చెయ్యి తియ్యి."

"తియ్యను."

"ముప్పై ఏళ్లుగా మందను కాస్తున్నది నువ్వా, నేనా?"

ఆ మాటకు ఆ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పి ఎరుగరు. కెంచమ్మ చెయ్యి తీసింది. అతను ఉమ్మాడు, కొన్నాళ్లకు ఆ కన్నూ మజ్జిగ రంగుకు తిరిగింది.

కొత్వాలు మాత్రం కొలువు మానలేదు. పొద్దు వాలగానే లేచేది. దొడ్డి కంచెకు ఒళ్లు రాసుకుంటూ, ముళ్లు గుచ్చుకుంటున్నా చుట్టు పూర్తి చేసేది. చివర్లో గుట్ట వైపు నిలబడేది. గుట్ట వైపు అనుకుంటూ ఊరి వైపు నిలబడేది.

తోడేళ్లకు ఈ సంగతి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. ఓ సందె వేళ అవి తూర్పు నుంచి వచ్చి నిండు చూలు గొర్రెను పట్టాయి. మంద బెదిరి అన్ని వైపులా చెల్లాచెదరైంది. ఆ అలికిడికి కొత్వాలు భూమి దద్దరిల్లేలా మొరుగుతూ ఉరికింది, పడమటికి. అక్కడ తుమ్మ కంప ఉంది. దాన్నే తోడేలనుకుని కరిచింది, కరుచుకుని పీకింది, నోరంతా రక్తమైనా వదల్లేదు. కర్రలతో వచ్చినవాళ్లలో ఒకడికి నవ్వొచ్చింది. కుక్క ముఖం తన వైపు తిరిగేసరికి వాడి నవ్వు ఆగిపోయింది.

మర్నాడు బీరలింగప్ప కొత్వాలును భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. కెంచమ్మ వెనక నడిచింది.

డాక్టరమ్మ ఎడమ కన్ను కడిగి, మత్తు చుక్కలు వేసి, కంటి మూలనున్న లోపలి రెప్ప ఎత్తి, చిన్న పట్టుకారుతో ఏదో బయటకు లాగింది. ఎండు గడ్డి గింజ, మొనదేలినది. దాన్ని బీరలింగప్ప అరచేతిలో పెట్టింది.

"ఇదీ జబ్బు. కన్ను సగం మూసి, నీళ్లు కార్చి, కాలితో రుద్దుకుని, వెలుతురుకు ముఖం తిప్పుకుంటే కుక్క నోటితో చెప్పినట్టే కదా, పెద్దాయనా. ఆ రోజే తీసుకొచ్చి ఉంటే దీన్ని తీసేసి, చుక్కల మందిచ్చి పంపేదాన్ని."

తర్వాత కుడి కన్ను చూసింది. రెప్పల కింద వెతికింది. మళ్లీ వెతికింది.

"ఇందులో ఏమీ గుచ్చుకోలేదు. సున్నం పడి కాలినట్టుంది. అసలు ఈ కంటికి ఏమైంది?"

అన్నిటికీ జవాబున్న మనిషి గింజను పిడికిట్లో మూశాడు.

"ఏమీ కాలేదమ్మా," అన్నాడు. "కాకూడదనే వేశాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది. ఎడమ కంటికి వెలుగూ చీకటీ తెలిస్తే అదృష్టమని, కుడి కంటికి అదీ ఉండదని చెప్పింది. నొప్పి తగ్గడానికి చుక్కల మందు ఇచ్చింది.

ఇంటికొచ్చాక కెంచమ్మ ఆ సీసా మొగుడి చేతిలో పెట్టి, "నువ్వే వెయ్యి," అంది.

బీరలింగప్ప అరుగు మీద కూర్చుని కొత్వాలును పిలిచాడు. రాకపోతే బాగుండునని లోలోపల కోరుకున్నాడు. అది కరిస్తే ఇంకా బాగుండునని కూడా. కానీ కొత్వాలు గోడకు ఒళ్లు రాసుకుంటూ మెల్లగా వచ్చింది. తోక ఊపుతూ అతని మోకాళ్ల మధ్య కూర్చుంది. ఎప్పటిలాగే ముఖం ఎత్తి ఇచ్చింది. మొదటి చుక్క గురి తప్పి నేల మీద పడింది.

ఆ తర్వాత ఊళ్లో ఎవరేమడిగినా బీరలింగప్ప "నాకు తెలియదు" అనేవాడు. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి రెండు కళ్లు ఖర్చయ్యాయి. ఆ రెండూ అతనివి కావు.

నీతి: తెలియదని ఒప్పుకోలేనివాడు వైద్యం చేస్తే జబ్బు కన్నా వాడే ప్రమాదం, ఎంత ప్రేమతో చేసినా కీడు కీడే.