పైడయ్య కొసరు

సుంకం ధర్మమా, అధర్మమా అన్నది పాఠశాల గురువు ముకుందార్యులు చర్చించరు. దివాణపు ఖజానా సంగతీ, రాజుగారి ఖర్చుల సంగతీ ఆయన ఎదుట ఎత్తరాదు. ఆ కట్టడి తెలిసినవాడు కనుక విరూపాక్షుడు తన ప్రశ్నను కుదించుకుని అడిగాడు: "ఆర్యా, అమ్మకం మీద సుంకం వేస్తే ఆ బరువు మోసేది కొనేవాడా, అమ్మేవాడా?"

అతనికి దివాణంలో సుంకాధికారిగా కొత్తగా ఉద్యోగమైంది. పెదవీడు సంతలో మచ్చుకు వేసి చూసిన సుంకాన్ని సంస్థానంలోని సంతలన్నింటికీ విస్తరించవచ్చునో కూడదో అతడే అభిప్రాయం పంపాలి.

"నేడు పెదవీడు సంతే కదా. పాఠశాలకు కుంచెడు మరమరాలు పట్టుకురా," అన్నారు ఆర్యులు.

చదువుకున్నన్నాళ్ళూ విరూపాక్షుడు చేసిన పనే అది. కొలిచి పోసినది వంటింటికి చెందుతుంది. కొలత అయ్యాక మరమరాలమ్మే గవరమ్మ పైన వేసే గుప్పెడు కొసరును ఉత్తరీయం చివర ముడివేసి తెచ్చి, గుమ్మంలో కూర్చునే గుడ్డి పైడయ్య దోసిట్లో పోయాలి. అది అక్కడి ఆనవాయితీ.

గవరమ్మ పాత ధరకే ఇచ్చింది. కుంచం నిండుగానే కొలిచింది. ఆపైన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనే బేరమాడుతున్న ఇల్లాలు ఊరుకోలేదు.

"ఏమే గవరమ్మా, కొసరెయ్యవేం? చెయ్యి ముడుచుకుపోయిందా?"

"ముడుచుకోలేదు తల్లీ, దివాణం పట్టుకుంది."

"అయితే నువ్వూ దివాణమూ కలిసి బొక్కుకోండి. బుచ్చిశెట్టి రెండు గుప్పిళ్ళు వేస్తున్నాడు," అంటూ ఆమె సంచి దులుపుకుని పెద్ద అంగడి వైపు నడిచింది. విరూపాక్షుడికి నవ్వొచ్చింది.

పాఠశాల గుమ్మంలో అడుగుల చప్పుడు విని పైడయ్య దోసిలి పట్టాడు.

"ఈ పూట లేదు పైడయ్యా."

"అదేం సంత బాబూ! కొసరు లేని బేరం పప్పు లేని పెళ్ళిలాగ."

విరూపాక్షుడు లోపలికి పోయి ఉత్సాహంగా విన్నవించాడు. "ధర పెరగలేదు, కొలత తగ్గలేదు. బరువు ఎవరి మీదా పడలేదు ఆర్యా!"

"పైడయ్యకు ఏం పెట్టావు?"

"గవరమ్మ కొసరు వేయలేదండి. అయినా కొసరు బేరంలోది కాదు కదా. అది లెక్కకు రాదు."

ఆర్యులు తాటాకుల వైపు తిరిగారు. "వెళ్ళిరా నాయనా."

విరూపాక్షుడి అభిప్రాయం మీద సుంకం సంతలన్నింటికీ పాకింది. ఏడాది తిరిగేసరికి పెదవీడులో గవరమ్మ కూర్చునే చోట గడ్డి మొలిచింది. ఆమె తట్ట బోర్లించి కూలికి పోతున్నదన్నారు. పోటీ తీరిన బుచ్చిశెట్టి మొదట కొసరు మానాడు, తరువాత ధర పెంచాడు. జనం వచ్చి సుంకాధికారి వాకిట మొరపెట్టుకున్నారు. విరూపాక్షుడు తన అభిప్రాయాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ఎక్కడా తప్పు కనబడలేదు. నా లెక్కలో లోపమేమిటని ఆర్యులకు ఉత్తరం రాసి బంట్రోతు చేత పంపాడు.

బంట్రోతు వట్టి చేతులతో తిరిగివచ్చాడు.

"జవాబేదిరా?"

"రాయలేదండి. చదివి, మడిచి, పక్కన పెట్టేశారు. 'పైడయ్య ఇంకా దోసిలి పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు' అని మాత్రం చెప్పమన్నారండి."