తాత పంచెతో చేసిన చుక్క

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంతా కాలవకి అవతల, ఒకే ఒక్క ఇల్లు కాలవకి ఇవతల. ఆ ఇంట్లో సువార్త అనే పిల్ల ఉండేది. నీకంటే రెండేళ్ళు పెద్దది. కోపం ముక్కు మీద, చురుకు చేతుల్లో.

సువార్తకి యేసోబు తాతంటే ప్రాణం. ఆ తాత ఒకప్పుడు క్రిస్మస్ పాటల జట్టుకి డోలక్కు వాయించేవాడు. ఆయన దరువేస్తే ముసలమ్మల తలలు కూడా ఊగేవిట! పాపం, మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. అప్పట్నించీ మంచమే.

పాటల జట్టు పండగ ముందురోజు దీపాలవేళ ఇంటింటికీ తిరిగేది. కాలవ గట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. ఎందుకంటే కాలవ మీద వంతెనంటే ఒకటే తాటి దుంగ. తాతని దాని మీంచి మోసుకెళ్ళడం కుదరదు. అందుకని తాత మంచంలో చెవి అటు పెట్టుకుని, పాట దగ్గరవడం వినేవాడు, దూరమవడం వినేవాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఈ ఏడు సువార్త ఊరుకోలేదు. జట్టు పెద్ద సమాధానం మేస్టారి దగ్గరికి వెళ్ళి, "మేస్టారండీ, మా ఇంటికీ రావాలండి, ఆయ్" అంది.

"రాకూడదని కాదమ్మా. మంచులో మీ ఇల్లెక్కడుందో కంటికి ఆనదు. నాలుగేళ్ళ కిందట మా దానియేలు దారి తప్పి, వాయించే తాళాలతో సహా కాలవలో పడ్డాడు. జ్ఞానులంతటివాళ్ళకే దారి చూపడానికి చుక్క కావాల్సొచ్చింది, మేమెంత? గట్టు మీదికి చుక్క కనపడితే వస్తాం."

పండగ ఇంకా మూడు రోజులుంది. సువార్త దగ్గర మూడు ఎర్ర రంగు కాగితాలున్నాయి. చాలదూ!

మొదటిరోజు చీపురు విప్పి, కొబ్బరి ఈనెలతో చుక్క కట్టింది. దానికి ఒక కాగితం అంటించి, చూరుకి వేలాడదీసింది. తెల్లారి చూస్తే ఏముంది? మంచుకి కాగితం తడిసింది, ఈనెలు వంగిపోయాయి. అయిదు కొమ్ముల చుక్క కాస్తా తడిసిన కాకిలా వేలాడుతోంది.

"చుక్కా లేదు, చీపురూ లేదు. ఇల్లు నీ జడతో ఊడవనా?" అంది వాళ్ళమ్మ కరుణమ్మ.

రెండోరోజు నాన్న పాత చేపలబుట్ట ఇచ్చాడు. అప్పుడు సువార్త దాని వెదురు బద్దలు ఊడదీసి గట్టి చుక్క కట్టింది. మిగిలిన రెండు కాగితాలూ అంటించాలి. జిగురేదీ? పొయ్యి పక్కన గంజి కనపడింది. చిక్కగా ఉంది కదా అని దాంతోనే అంటించి, పెరట్లో ఎండకి పెట్టింది.

అది తాత తాగడానికి అమ్మ ఉప్పేసి ఉంచిన గంజి! ఉప్పు రుచి తగిలితే పెరట్లో మేక ఊరుకుంటుందా? ముందు నాకింది. ఆ తర్వాత కొరికింది. సువార్త వచ్చేసరికి వెదురు బద్దలు మిగిలాయి, మేక మూతికి ఎర్రరంగు మిగిలింది.

ఏంటి? మేకని కొట్టిందా అంటావా? లేదే తల్లీ. దాని పక్కనే కూలబడి భోరుమంది. మేక ఆ పిల్ల చేతులు కూడా నాకింది, వాటికీ గంజే కదా!

మూడోరోజు పొద్దున్నే సువార్త తాత మంచం పట్టె మీద కూచుంది. "కాగితాలు అయిపోయాయి తాతా. ఇంక వాళ్ళు రారు" అంది.

తాత వెదురు బద్దలకేసి చూశాడు. తన చేతికేసి చూసుకున్నాడు. "ఆ పెట్టెలో నా తెల్లపంచె ఉంది, తియ్యి" అన్నాడు.

కరుణమ్మ గబగబా వచ్చింది. "మావయ్యగారూ, అది మీ పాటల పంచె! మళ్ళీ లేచి జట్టుతో వెళ్ళేరోజు కట్టుకుంటానని దాచుకున్నారు కదండీ."

"నేను పాట దగ్గరికి వెళ్ళలేను కదమ్మా. పంచె వెళ్ళి పిలుచుకొస్తుందేమో చూద్దాం."

అప్పుడు పని మొదలైంది. బుట్టలో మిగిలిన బద్దలతో ఇంకో చుక్క కట్టి, రెండిటినీ వీపుకి వీపు ఆనించి, మధ్యలో జానెడు పుల్లలు నిలబెట్టారు. లాంతరు పట్టేంత పొట్ట వచ్చింది. మూలలు బిగించాలి. తాతకి వలదారంతో వేసే ముడి వచ్చు, చేపలు గింజుకున్నా వదలని ముడి. కానీ దానికి రెండు చేతులు కావాలి.

"నా ఎడమచెయ్యి ఉంది. నీ కుడిచెయ్యి తే" అన్నాడు.

తాత కొస పట్టాడు, సువార్త చుట్టింది. తాత లాగాడు, సువార్త దూర్చింది. మొదటిముడి జారింది. రెండోముడి వదులైంది. మూడోముడి బిగిసింది!

"ఓసి నీ! వలలు అల్లేవాళ్ళు సిగ్గుపడాలి" అని నవ్వాడు తాత. ఆ ఇంట్లో ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఆ తర్వాత కరుణమ్మ పంచెని కత్తిరించి బిగుతుగా కుట్టింది. వేడి పోవడానికి పైన సందు వదిలింది. నాన్న లోపల లాంతరు పెట్టి, కొబ్బరికాయలు దించే పొడుగు గెడకి చుక్కని కట్టి, గుమ్మం ముందు పాతాడు. మేకని మాత్రం దూరంగా కట్టేశాడు!

దీపాలవేళయింది. కాలవ మీద మంచు దిగింది. పాట దగ్గరయింది. గట్టు దాకా వచ్చింది. ఆగిపోయింది.

తాత కళ్ళు మూసుకున్నాడు. ప్రతి ఏడూ వెనక్కి తిరిగేది ఇక్కడే.

అప్పుడు మంచులోంచి మేస్టారి గొంతు వినపడింది. "అదిగోరా, తెల్లచుక్క! ఒకళ్ళ వెనక ఒకళ్ళు రండి. దానియేలూ, నువ్వు నా చొక్కా పట్టుకో!"

తాటి దుంగ మీద ఒక లాంతరు. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మరొకటి! పాటంతా కాలవ దాటి గుమ్మంలోకి వచ్చింది, మంచం చుట్టూ నిలబడింది. ఇల్లు చిన్నదయిపోయింది.

మేస్టారు డోలక్కు తెచ్చి తాత పక్కన పెట్టాడు. "పెద్దాయనా, దరువు మీదే."

"ఒంటిచేత్తో దరువేంటి మేస్టారూ?"

సువార్త మంచమెక్కి డోలక్కుకి అటువైపు కూచుంది. "నీ ఎడమచెయ్యి ఉంది తాతా. నా కుడిచెయ్యి ఇదిగో."

మొదటిదెబ్బ తడబడింది. రెండోదెబ్బ కలిసింది. మూడోదెబ్బకి జట్టు వెనకే వచ్చిన ముసలమ్మల తలలు ఊగాయి! పెరట్లోంచి మేక కూడా మే మే అంది. పైన తాత పంచె, ఊళ్ళో ఉన్న రంగు చుక్కలన్నిటికంటే తెల్లగా వెలిగింది.

ఆ మర్నాడే ఊరివాళ్ళు ఇంకో దుంగ తెచ్చి మొదటిదాని పక్కన వేశారు. అప్పట్నించీ ఏటా పాట మొదలయ్యేది కాలవకి ఇవతలే, తాత మంచం దగ్గరే.

కథ కంచికి,
చుక్క మింటికి,
పాట తాత ఇంటికి,
నిద్ర నా బుజ్జితల్లి కంటికి.